ఒకే ఒక్క ప్రతి

"పాపా, నా పాటలు నీ పెట్టెలో బద్రంగా ఉండాయా?"

కళ్యాణదుర్గం వైపు ఒక పల్లెలో, బుడ్డలు వలుస్తూ కూర్చున్న ఒక అవ్వ నన్ను అడిగిన మాట ఇది. పెట్టె అంటే నా లాప్‌టాప్. అప్పటికి ఆ పెట్టె చచ్చిపోయి నాలుగు నెలలయింది. "ఉండాయి అవ్వా" అన్నాను. ఆమె తృప్తిగా తలూపి మళ్లీ బుడ్డలు వలుచుకోవడంలో పడింది. నేను చాటలోంచి ఒక గుప్పెడు తీసుకుని ఆమెతోపాటు వలుస్తూ కూర్చున్నాను. ఆమె మొహంలోకి చూడలేకపోయాను.

జరిగింది చెప్తాను. 2018 వేసవి. అనంతపురంలో ఏప్రిల్ మధ్యాహ్నం ఎలా ఉంటుందో ఈ ఊళ్లో బతికినవాళ్లకు చెప్పక్కర్లేదు. రేకుల కప్పు కింద అద్దె గది, మూడుసార్లు పోయి మూడుసార్లు వచ్చిన కరెంటు, ఆరేళ్ల వయసున్న లాప్‌టాప్. లోపల్నించి టిక్కు టిక్కుమని చప్పుడు మొదలైంది. రెండు రోజులు ఆ చప్పుడు వింటూనే పని చేశాను. మూడో రోజు తెర మీద నల్లటి రంగు తప్ప ఏమీ రాలేదు. మా ఊళ్లో రిపేరు చేసే అబ్బాయి చూసి పెదవి విరిచాడు. మా సీమవాళ్లకు జబ్బు చేసినా, పెళ్లి బట్టలకైనా బెంగుళూరే దిక్కు కదా, నేనూ బస్సెక్కాను. అక్కడి షాపులో హార్డ్‌డిస్క్ విప్పి, లోపలి పళ్లెం మీద గీతలు పడ్డాయని, సూది దాన్ని గీరుకుంటూ పోయిందని చెప్పారు. టిక్కు టిక్కుమన్నప్పుడే ఆపేసి ఉంటే కొంతైనా దక్కేదట. ఆ రెండు రోజులు నేను పని చేయడమే దాన్ని పూర్తిగా చంపింది.

అందులో పోయినవి: పదకొండు మంది ఆడవాళ్ల గొంతులు, దాదాపు ఇరవై మూడు గంటల రికార్డింగు. కలుపు తీసేటప్పటి పాటలు, జోలపాటలు, ఒకామె తన కాపురం గురించి పాటకూ మాటకూ మధ్య ఏదో ఒక రాగంలో చెప్పుకున్న రెండు గంటల కథ. నావి తొమ్మిది కథలు, ఒక నవల మొదటి నలభై పేజీలు.

పోనిది ఒకటుంది. నా సిద్ధాంత గ్రంథం!

ఇక్కడే నాకు కోపం మొదలయింది. నా థీసిస్ ఎందుకు పోలేదు? మా గైడు మెయిల్లో ఉంది. టైపు చేసిన డీటీపీ షాపులో ఉంది. లైబ్రరీలో అట్ట కట్టిన ప్రతులున్నాయి. 2009 నాటి యూజీసీ నిబంధనల వల్ల ప్రతి పిహెచ్‌డీకి సాఫ్ట్‌కాపీ ఇచ్చి తీరాలి కాబట్టి సీడీ కూడా ఇచ్చాను, అది శోధగంగలోకి ఎక్కుతుంది. నేను వేలు కదపకుండానే నా థీసిస్ నాలుగైదు చోట్ల క్షేమంగా ఉంది. తనకు పనికొచ్చేదాన్ని ఎలా దాచుకోవాలో సంస్థకు తెలుసు. దాని కోసం నియమాలు రాసుకుంది, గడువులు పెట్టుకుంది, నా చేత సంతకాలు చేయించుకుంది. నా కథల్ని ఎవరూ సాఫ్ట్‌కాపీ అడగలేదు. ఆ పదకొండు మంది గొంతుల్ని కూడా ఎవరూ అడగలేదు. థీసిస్ అనుబంధంలో పన్నెండు పాటల మాటలు మాత్రం అచ్చులో మిగిలాయి. రాగం లేదు, దగ్గు లేదు, మధ్యలో మనవణ్ణి కసురుకోవడం లేదు. పరిశోధన బతికింది, పాట చచ్చిపోయింది.

ఈ సంగతి నలుగురికీ చెప్పుకున్నాక తెలిసింది, ఇది నా ఒక్కదాని కథ కాదని. ఒక కవయిత్రి 2003లో డీటీపీ షాపులో చేయించిన సంకలనం సీడీలో భద్రంగా ఉంది. తెరిస్తే అను ఫాంట్ల ఫైలు. ఆ ఫాంటు లేని కంప్యూటర్లో కొక్కిరి గుర్తులు తప్ప ఒక్క తెలుగక్షరం కనపడదు. ఇంకొకామె కథలన్నీ ఫోన్లోనే రాసుకుంది, బస్టాండులో ఫోను పోయింది. ఒక స్నేహితురాలు ఏడేళ్లపాటు కొడుకు ఇంజినీరింగు కోసం కొన్న కంప్యూటర్లో, కొడుకు ఇంట్లో లేనప్పుడు రాసుకుంది. కొడుకు ఉద్యోగం వచ్చి వెళ్తూ వెళ్తూ పాతది ఎక్స్‌చేంజిలో ఇచ్చేశాడు. "అమ్మా, అందులో నీవి కూడా ఏమైనా ఉన్నాయా?" అని హైదరాబాదు చేరాక ఫోన్ చేసి అడిగాడట. పాపం మంచి పిల్లవాడే. అడగాలని తట్టింది, ఆలస్యంగా తట్టింది. ఇక నాలుగో ఆమె సంగతి వేరు. ఆమె ఫైళ్లు పోలేదు. ఆమె భర్త చదివాడు, చదివి చెరిపేశాడు.

ఇవన్నీ 'సాంకేతిక లోపాలు' అని నన్ను ఒప్పుకోమంటారా?

వర్జీనియా వూల్ఫ్ స్త్రీకి సొంత గది కావాలని 1929లోనే రాసింది, మనందరం దాన్ని ఉటంకించాం. ఇప్పుడు ఆ గదికి తలుపు పాస్‌వర్డు. మనలో ఎంతమందికి మన పాస్‌వర్డు మనకొక్కరికే తెలుసు? మెయిల్ ఖాతా ఎవరి ఫోన్ నంబరు మీద తెరిచారు? యంత్రం ఎవరి డబ్బుతో కొన్నారు, పాతబడ్డాక దాన్నేం చేయాలో ఎవరు నిర్ణయించారు? 'నాకు ఈ కంప్యూటర్ల గొడవ తెలీదు, అన్నీ మా ఆయనే చూసుకుంటారు' అని వేదికల మీద నవ్వుతూ చెప్పుకునే పెద్ద రచయిత్రులు ఇప్పటికీ ఉన్నారు. బ్యాంకు పాస్‌బుక్కు గురించి అదే మాట అంటే మనం ఊరుకుంటామా? ఆస్తి హక్కు మీద పేజీలకు పేజీలు రాసిన మనం, మన రాత అనే ఆస్తిని ఇంట్లో ఎవరో ఒక మగాడి దయకు వదిలేశాం. ఆయన మంచివాడైతే ఉంటుంది, లేకపోతే పోతుంది.

ప్రతి తీయడం ఎప్పుడూ అధికారానికి సంబంధించిన పనే. అన్నమయ్య పాటలు వేలల్లో మిగిలాయంటే ఆ పాటల గొప్పతనం ఒక్కటే కారణం కాదు. కొడుకు, మనవడు వాటిని రాగిరేకుల మీద చెక్కించగలిగారు. తిరుమల గుడిలో రాతి అర వాటికి దొరికింది. రాగికి డబ్బు, చెక్కడానికి మనిషి, దాచడానికి గుడి, ఈ మూడూ ఒక కుటుంబానికి కుదిరాయి. అదే సీమలో, అదే కాలంలో నాట్లలోనూ కలుపుల్లోనూ పాడినవాళ్లకు ఏ రేకు ఉంది? తాటాకు మాత్రం ఊరికే నిలిచిందా? పురుగు పట్టేలోపు తిరగరాస్తేనే నిలిచింది. ఎవరి పుస్తకాన్ని తిరగరాయాలో తేల్చింది రాయసగాళ్లను పెట్టుకోగలిగినవాళ్లు.

ముద్దుపళని సంగతి ఈ పత్రిక చదివేవాళ్లకు మళ్లీ చెప్పడం అనవసరం. 18వ శతాబ్దపు తంజావూరులో రాసిన కావ్యాన్ని బెంగుళూరు నాగరత్నమ్మ 1910లో పూర్తిగా అచ్చు వేయించడం, తెల్లదొరల ప్రభుత్వం నిషేధించడం, ఆ నిషేధం 1947లో గానీ తొలగకపోవడం మనకు కంఠోపాఠం. కానీ ఈ కథను మనం ఎప్పుడూ నిషేధం వైపు నుంచే చెప్తాం. ప్రతి వైపు నుంచి చూడండి. ఎక్కడో ఒక పూర్తి ప్రతి ఉండబట్టే నాగరత్నమ్మకు కత్తిరించిన ముద్రణలో ఏమేం లేవో తెలిసింది. ఆ ఒక్క ప్రతీ లేకపోతే పోట్లాడటానికి కూడా ఏమీ ఉండేది కాదు. బండారు అచ్చమాంబ 'ధనత్రయోదశి' 1902లో హిందూసుందరిలో వచ్చింది. తొలి తెలుగు కథ ఎవరిదన్న వాదం ఇవాళ మనం చేయగలుగుతున్నామంటే ఆ పత్రిక పాత సంచికలు ఎక్కడో మిగలబట్టే.

ఇక మా ఊరి కథ. అనంతపురానికి పక్కనే బుక్కరాయసముద్రం చెరువు. దాని కట్టను ముసలమ్మ కట్ట అంటారు. కట్ట తెగి నీళ్లు ఊరి మీద పడబోతే బసిరెడ్డి చిన్నకోడలు ముసలమ్మ బలిగా ఆ గండిలోకి దిగిందని కథ. సి.పి. బ్రౌన్ 1853లో అచ్చు వేయించిన అనంతపుర చరిత్రలో ఆమె ఉంది. అక్కణ్ణించి తీసుకుని కట్టమంచి రామలింగారెడ్డి 'ముసలమ్మ మరణం' కావ్యం రాశాడు. ఆధునిక తెలుగు కవిత్వానికి అదొక మొదలని పాఠాల్లో చెప్తాం. నేనూ చెప్పాను. ఒక ఆడపిల్ల పేరు ఇన్ని వందల ఏళ్లు నిలిచింది కదా అని మొదట్లో సంతోషపడ్డాను కూడా. తర్వాత అనిపించింది, ఆమెవి ఏం మిగిలాయి? రాయసగాడు రాసుకున్నాడు, దొర అచ్చు వేయించాడు, కవి కావ్యం చేశాడు. ఆమె చావుకు మూడు ప్రతులున్నాయి. ఆ కట్ట మీద నడిచేటప్పుడు తోడికోడళ్లతో ఏం మాట్లాడిందో, దిగే ముందు ఎవర్ని తిట్టిందో ఒక్క ప్రతి కూడా లేదు. స్త్రీ గురించి రాసింది నిలవడం వేరు, స్త్రీ చెప్పింది నిలవడం వేరు. మైకు పట్టుకుని పల్లెలకు పోయే నాలాంటివాళ్లు ఈ తేడా తెలిసే పోతాం. తెలిసీ నేను ఇరవై మూడు గంటలు ఒకే డబ్బాలో పెట్టుకుని తిరిగాను.

ఒక సభలో ఈ మాట ఎత్తితే ఒక పెద్ద విమర్శకుడు చిరునవ్వుతో, 'గొప్ప రచన అయితే అదే నిలుస్తుందమ్మా, కాలమే వడపోస్తుంది' అన్నాడు. కాలానికి చేతులున్నాయా? వడపోసేది మనుషులు. జల్లెడ ఎవరి చేతిలో ఉందో ఆయనకూ తెలుసు, అది తన చేతిలో ఉంది కాబట్టే కాలం మీద అంత నమ్మకం.

అంతకంటే నన్ను ఆలోచనలో పడేసింది మనవాళ్లలోనే ఒకామె అన్న మాట. "ఇదొక కొత్త చాకిరీ కాదా? అంట్లు తోమినట్టు ప్రతివారం ఫైళ్లు సర్దుకోవడం కూడా మన నెత్తినేనా? రాయడానికే టైము లేదు." ఈ మాటకు నా దగ్గర సులువైన జవాబు లేదు. నిజమే, ఇది అంట్లు తోమడం లాంటిదే. ఒకసారి చేస్తే తీరేది కాదు, చేసినట్టు ఎవరికీ కనపడదు, చేయకపోతేనే కనపడుతుంది. అయితే జీవితమంతా ఇంట్లోవాళ్ల తిండికీ బట్టకీ ఈ కనపడని చాకిరీ చేసినవాళ్లం, మన రాత దగ్గరికి వచ్చేసరికే అది దండగ అని ఎందుకనిపిస్తుంది? పిల్లల మార్కుల జాబితాలకు జిరాక్సులు తీయించి మూడు ఫైళ్లలో పెట్టే తల్లి తన కథను ఒక్క ఫోన్లో వదిలేస్తుంది. టైము లేక కాదేమో. మన రాత కూడా దాచదగిందే అని లోపల్లోపల మనకే నమ్మకం లేక కాదూ?

మళ్లీ అవ్వ దగ్గరికి వస్తాను. ఆ రోజు బుడ్డలు వలుస్తూ విత్తనాల మాట వచ్చింది. ఏడాదికి 550 మిల్లీమీటర్ల చుట్టూ వాన పడే నేల ఇది, అదీ పడితే. ఇప్పుడంటే సబ్సిడీ విత్తనాల కోసం లైన్లో నిలబడుతున్నారు గానీ, ముందు విత్తనం దాచడం ఆడవాళ్ల పనే. విత్తనానికని ఎంచిన కాయల్ని వలవరు, పొట్టుతోనే ఉంచుతారు, వలిచిన గింజ తొందరగా చెడిపోతుంది. నాకు తెలిసినంత ఇదే. అవ్వ ఇంకొకటి చెప్పింది.

"ఒక మూట ఈ ఇంట్లో, ఒక మూట మా అమ్మోళ్లింట్లో పెడ్తాంటి."

ఎందుకవ్వా, ఎలకల కోసమా అన్నాను.

"ఎలకలేం జేస్తాయి పాపా! కరువొస్తే మీ తాత అమ్ముకుంటాంటె."

ఆమె నవ్వింది గానీ నేను నవ్వలేకపోయాను. కంప్యూటర్లవాళ్లు ఒక సూత్రం చెప్తారు. మూడు ప్రతులు, రెండు రకాల సాధనాల మీద, ఒకటి ఇంటికి దూరంగా. పీటర్ క్రో అనే అమెరికన్ ఫొటోగ్రాఫరు 2005లో తన పుస్తకం ద్వారా దీన్ని ప్రచారంలోకి తెచ్చాడు. ఇంటికి దూరంగా ఎందుకంటే అగ్నిప్రమాదాలు, వరదలు, దొంగలు అంటారు వాళ్లు. అవ్వకు ప్రమాదం బయటినుంచి కాదు, ఇంట్లోంచే. భర్త ఫైళ్లు చెరిపేసిన ఆ నాలుగో స్నేహితురాలికీ అంతే. ఆమె ఇంట్లో పది పెన్‌డ్రైవ్‌లు ఉన్నా ఏం లాభం? అసలు ఆమెకు ప్రతి ఉండటమే ప్రమాదం. తన ఒంటి మీది దెబ్బల గురించి రాసుకున్న మనిషికి ఆ రాత దొరికిపోవడమంటే ఇంకో దెబ్బ. ఆమెకు చెప్పాల్సింది 'అక్కా, ఆ మూట మా ఇంట్లో పెట్టు' అని.

ఈ తేడాను మన చర్చల్లో గట్టిగా చెప్పుకోవాలి. బ్యాకప్ అనగానే ఒక డబ్బా కొనుక్కోవడమో, ఏదో కంపెనీకి నెలనెలా కట్టడమో గుర్తుకొస్తుంది. కంపెనీ అద్దె ఇల్లు లాంటిది. ఆర్కుట్ 2014లో మూతపడింది, అందులో రాసుకున్న కవితలు ఎన్ని పోయాయో లెక్క చెప్పేవాళ్లు లేరు. రెండేళ్లు ముట్టుకోని వ్యక్తిగత ఖాతాల్ని గూగుల్ 2023 డిసెంబరు నుంచి తొలగిస్తోంది. ఒక రచయిత్రి మంచం పట్టి రెండేళ్లుంటే, లేదా చనిపోతే, ఆ ఖాతా తాళం ఎవరి దగ్గరుంది? పెట్టవద్దని కాదు, నేనూ పెడుతున్నాను. ఒక్క దాన్నే నమ్మవద్దంటున్నాను. ఇంకో మోసం కూడా ఉంది. ఫోన్లోదీ లాప్‌టాప్‌లోదీ దానంతటదే ఒకటయ్యే ఏర్పాటును మనం బ్యాకప్ అనుకుంటాం. ఇక్కడ చెరిపితే అక్కడా చెరిగిపోతుంది. అది ఒకే ప్రతికి రెండు కిటికీలు, అంతే.

అను ఫాంట్లలో ఇరుక్కున్నవాటి సంగతి మరీ తొందర. 1990ల్లో, 2000ల్లో వచ్చిన స్త్రీల పుస్తకాలు చాలావరకు ఆ ఫైళ్లలోనే ఉన్నాయి. ఆ డీటీపీ షాపులు మూతపడ్డాయి, ఆ సీడీలు పొర లేస్తున్నాయి. వాటిని యూనికోడ్‌లోకి మార్చడానికి పరికరాలున్నాయి, కాకపోతే మార్చాక కూర్చుని ఒత్తులు దిద్దుకోవాలి. పీజీ విద్యార్థినులకు ఇచ్చే ప్రాజెక్టుల్లో 'ఫలానా నవలలో స్త్రీ పాత్ర చిత్రణ' ఒక ఏడాది మానేసి, తమ ఊరి రచయిత్రి ఒకరి ఫైళ్లు ఇలా మార్చి దిద్దే పని ఇవ్వండి. అమ్మాయి ఆ నవలను అక్షరం అక్షరం చదువుతుంది కూడా. మహిళా అధ్యయన కేంద్రాలు, మన పత్రికలు థీసిస్‌ను అడిగినట్టే చేతిరాతల్నీ రికార్డింగుల్నీ అడగాలి. అడిగి ఊరుకోవడం కాదు. ఎవరికి వినిపించవచ్చు, ఎవరికి కూడదు అని పాడినామె చేతే చెప్పించుకుని రాసి పెట్టాలి.

పరిశోధకులకు ఇంకో మాట, నాతో కలిపే అంటున్నాను. నా కథలు పోవడం నా నష్టం. వాళ్ల గొంతు పోవడం నా నష్టం కాదు, నా నేరం. సొంతదారు చేతిలో ఏమీ మిగల్చకుండా పట్టుకెళ్లాను. ఆ రోజే ఒక చిప్పు మీద ఎక్కించి వాళ్ల మనవరాలి చేతిలో పెట్టి ఉంటే రెండో ప్రతి అయ్యేది, మర్యాదా అయ్యేది. ఎందుకు పెట్టలేదంటే, అది నా 'మెటీరియల్' అనుకున్నాను.

అవ్వకు నిజం చెప్పింది ఆ తర్వాత ఏడాదికి. కోప్పడుతుందనుకున్నాను. "పోనీలే, మళ్లీ పాడ్తాలే" అంది. పాడబోయింది. ఆయాసం. రెండు చరణాలయ్యాక మాటలు కలిసిపోయాయి, ఏది ముందో ఏది వెనకో తెలియక చేయి ఊపేసింది. 2021లో కరోనా రెండో దెబ్బలో పోయిందని ఆలస్యంగా తెలిసింది.

పరామర్శకు వెళ్తే మనవరాలు ఫోను తీసి చూపించింది. గంగమ్మ జాతర నాడు తీసిన ఒక వీడియో, నాలుగు నిమిషాలు. డప్పుల మోత వెనకాల అవ్వ గొంతు సన్నగా వినపడుతుంది. ఆ అమ్మాయి ముందే దాన్ని నాకు పంపింది. అక్కడే కూర్చుని ఇంకో చిప్పు మీద ఎక్కించి ఆమెకే ఇచ్చాను. ఒకటి నా దగ్గరుంది. ఒకటి కడపలో ఒక స్నేహితురాలి బీరువాలో, ఆమె పెళ్లిచీరల కింద ఉంది. బదులుగా ఆమె రాస్తున్న నవల పెన్‌డ్రైవ్‌లో పెట్టి నాకు పంపింది. కవరు మీద పెద్ద అక్షరాలతో 'తెరిచి చదివావో చంపుతా' అని రాసింది. నేను ఇంకా తెరవలేదు.